ముందు మీ ఫైలు తెరవండి, ప్రాసెసర్ సంగతి తర్వాత

పాఠకుల కంప్యూటర్ ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే విషయం మీద ఉన్నాయి. విండోస్ కొనాలా, మ్యాక్ కొనాలా, లినక్స్ వేసుకోవాలా? ఇంటెల్ మంచిదా, ఏఎండీనా, యాపిల్ సొంత చిప్పా? అన్నిటికీ ఒకే జవాబు లేదు. ఎందుకు లేదో చెప్పడానికి ఐదు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నాలుగు సిస్టమ్స్ ఉన్నాయి. అన్నిట్లోనూ పేజీలు పెట్టుకునే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను ఫాంట్లు. మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ‘నాన్నా, ఆ డబ్బాలు తీసేసి మ్యాక్ మినీ ఎం4 పెట్టు, అదే పని చాలా స్పీడుగా అయిపోతుంది’ అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– డీటీపీ సెంటర్ యజమాని, విజయవాడ

జవాబు: వేగం వరకు మీ అబ్బాయి చెప్పింది నిజమే. గీక్‌బెంచ్ 6 అనే పరీక్షలో ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే ఒక భాగం) వేగం కొలిస్తే యాపిల్ సొంత చిప్పు ఎం4కి 3,500 పైనే వస్తుంది. మన ఊళ్లో ఎక్కువగా అసెంబుల్ చేసి ఇస్తున్న ఇంటెల్ ఐ5-12400కి 2,500 లోపే. పైగా ఆ మినీ ఏ పనీ లేకుండా ఉంటే నాలుగైదు వాట్లతో సరిపెట్టుకుంటుంది. మన దేశంలో 59,900 రూపాయలకు, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీతో విడుదలైంది. ఆ ధరకి అంత ప్రాసెసర్ అప్పట్లో ఇంకెవరూ ఇవ్వలేదు. ఇది నేను ఒప్పుకుని తీరాలి.

కానీ మీ సెంటర్లో రోజంతా నడిచేది గీక్‌బెంచ్ కాదు, పేజ్‌మేకర్. అది మ్యాక్ మీద తెరుచుకోదు.

ఇది నాకు మనసుకి కష్టం కలిగించే సంగతి, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. పేజ్‌మేకర్ పుట్టిందే మ్యాక్ మీద. 1985లో ఆల్డస్ కంపెనీ దాన్ని మెకింటాష్ కోసం తెచ్చింది. విండోస్‌కి వచ్చింది 1987లో. 1994లో అడోబీ ఆల్డస్‌ని కొనుక్కుంది. 2001లో 7వ వెర్షన్ ఇచ్చి అక్కడితో ఆపేసి, తన కొత్త పేజీ ప్రోగ్రామ్ ఇన్‌డిజైన్ మీద దృష్టి పెట్టింది. నేను 1997లో కంపోజింగ్‌లో చేరాను. రెండేళ్ల తర్వాత ఒక పత్రిక ఆఫీసులో పవర్ మెకింటాష్ మీద పేజీలు పెట్టాను. అప్పట్లో తెర మీద అక్షరం అంత నున్నగా కనపడటం చూసి, ఎప్పటికైనా ఇలాంటిది కొనుక్కోవాలని అనుకున్నాను. ఆ మ్యాక్‌లో పేజ్‌మేకర్ పాత సిస్టమ్ మీద నడిచేది. తర్వాత వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్‌లో ‘క్లాసిక్’ అనే ఏర్పాటు ద్వారా మాత్రమే తెరుచుకునేది. 2007లో వచ్చిన లెపర్డ్ వెర్షన్‌లో ఆ క్లాసిక్‌నీ తీసేశారు. తను పుట్టిన చోటే పేజ్‌మేకర్‌కి నిలవనీడ లేకుండా పోయింది.

యాపిల్ పద్ధతే అంత. 1994లో మోటరోలా 68000 కుటుంబం చిప్పుల నుంచి పవర్‌పీసీకి మారింది. 2006లో ఇంటెల్‌కి మారింది. 2020 నవంబరులో ఎం1తో సొంత చిప్పులకి వచ్చింది. మారిన ప్రతిసారీ పాత ప్రోగ్రాములు నడిచేలా మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రామ్ ఇచ్చి, కొన్నేళ్లకు దాన్ని తీసేస్తుంది. పవర్‌పీసీ ప్రోగ్రాముల కోసం ఇచ్చిన రొసెట్టాని 2011లో ఆపేసింది. పాత తరం 32-బిట్ ప్రోగ్రాములను 2019లో కాటలినా వెర్షన్‌తో వదిలేసింది. ఇప్పుడు ఇంటెల్ మ్యాక్‌ల వంతు వచ్చింది, టహో వాటికి ఆఖరి మ్యాక్ ఓఎస్. పాత బరువు వదిలించుకుంటుంది కాబట్టే అంత వేగంగా అడుగు వేయగలుగుతోంది. మైక్రోసాఫ్ట్ దారి వేరు. 2001 నాటి 32-బిట్ ప్రోగ్రామ్ ఇవాళ్టి విండోస్ 11లో కూడా, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే, మా సెంటర్లో పనిచేస్తోంది. ప్రతి పాత ప్రోగ్రాముకీ ఇలా అవుతుందని కాదు. కానీ పాతవాటిని మోయాలన్న ఉద్దేశం అక్కడ ఉంది. మీ పద్దెనిమిదేళ్ల ఫైళ్లు ఆ ఉద్దేశం మీదే బతుకుతున్నాయి.

‘మ్యాక్‌లోనే విండోస్ వేసుకోవచ్చు కదా’ అని మీ అబ్బాయి అడగొచ్చు. ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ఉండేది, నేరుగా విండోస్ వేసుకునేవాళ్లం. సొంత చిప్పు వచ్చాక అది లేదు. ప్యారలల్స్ లాంటి ప్రోగ్రామ్ కొని, అందులో ఆర్మ్ రకం చిప్పుల కోసం (యాపిల్ సొంత చిప్పు ఆ రకమే) చేసిన విండోస్ 11 వేయాలి. ఆ విండోస్ మామూలు ప్రోగ్రాములను అనువదించి నడుపుతుంది గానీ డ్రైవర్లను, అంటే పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములను, అనువదించలేదు. హార్డ్‌వేర్ లాక్‌తో (కంప్యూటర్‌కి గుచ్చితేనే ప్రోగ్రామ్ నడిచే పరికరంతో) వచ్చే సాఫ్ట్‌వేర్ అయితే ఆ లాక్ డ్రైవర్‌ని ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసి ఉండాలి. నాలుగు సిస్టముల అన్నం ఈ ఏర్పాటు మీద ఆధారపెట్టమని నేను చెప్పలేను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మన ఆపరేటర్లు ‘నాకు యాపిల్ కీబోర్డు వచ్చు’ అంటుంటారు. అనులో ఉండే యాపిల్ అన్నది అక్షరాల అమరిక పేరు. మ్యాక్ కొన్నంత మాత్రాన ఆ అమరిక రాదు. మీ దగ్గర పదేళ్లుగా చేస్తున్న అమ్మాయి వేళ్లకు ఏ అమరిక అలవాటో అదే అమరిక కొత్త మెషీన్‌లో దొరకాలి. లేకపోతే ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా రోజుకి నలభై పేజీలు కొట్టే మనిషి పది పేజీల దగ్గర ఆగిపోతుంది.

కాబట్టి ఇప్పుడు ఒక్క విండోస్ సిస్టమ్ కొనండి. నాలుగూ ఒకేసారి మార్చకండి. 16 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు కన్నా చాలా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ మంచిది ఉంటే ఐ5 గానీ ఏఎండీ రైజెన్ 5 గానీ చాలు. పేజ్‌మేకర్ ఒక్క కోర్ మీద నడిచే పాతకాలపు ప్రోగ్రామ్, ఇరవై కోర్లు పెట్టినా మిగతావి కూర్చుని చూస్తాయి. మిగిలిన మూడు సిస్టముల్లో ఇంకా హార్డ్ డిస్కులే ఉంటే వాటికి ఎస్ఎస్‌డీలు వేయించండి. మూడొందల పేజీల పుస్తకం ఫైలు తెరవడంలో, సేవ్ చేయడంలో మీకు తెలిసేంత తేడా అక్కడ వస్తుంది.

ఆ కొత్త సిస్టమ్‌లో ఇకపై వచ్చే పుస్తకాలు ఇన్‌డిజైన్‌లో, యూనికోడ్‌లో (ఏ మెషీన్‌లోనైనా ఒకేలా చదువుకునే అక్షరాల కోడులో) మొదలుపెట్టండి. ఇందులో ఒక మెలిక ఉంది. పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో ‘వరల్డ్-రెడీ’ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకి జారిపోతాయి, శ్రీ ముక్కలవుతుంది. చాలామంది ఇది చూసే ‘ఇన్‌డిజైన్‌లో తెలుగు రాదు’ అని వెనక్కి వెళ్లిపోయారు. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఇన్‌డిజైన్ మ్యాక్‌లోనూ ఉంది, విండోస్‌లోనూ ఉంది.

పాత ఫైళ్ల గురించి నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వినండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తర్వాత, ఒకాయన తన సిస్టమ్‌ని బియ్యం బస్తాలో పెట్టుకుని ఆటోలో మా షాపుకి తెచ్చారు. క్యాబినెట్ మూత తీస్తే ఎస్ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) నిండా బురద. ఫ్యాన్ రెక్కలకి గడ్డి పరకలు చుట్టుకుని ఉన్నాయి. హార్డ్ డిస్క్ నుంచి ఏమీ రాలేదు. అదృష్టం కొద్దీ ఆయన తండ్రి గారి పుస్తకం ఫైళ్లు ఒక సీడీలో విడిగా ఉన్నాయి. ఆ సీడీ పెట్టి ఫైలు నా సిస్టమ్‌లో తెరిస్తే, ఆ పాత ఫాంటు నా దగ్గర లేదు. తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు. పాత ఫాంట్లు చేసేది అదే. ఇంగ్లిష్ అక్షరం కోడు మీద తెలుగు ముక్క బొమ్మ అతికిస్తాయి. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. ఫాంటు పోతే మిగిలేది తెలుగు కాదు. యూనికోడ్‌లో అలా కాదు, క అంటే ఏ మెషీన్‌లోనైనా క. ఆ ఫాంటు వెతికి పట్టుకోవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆయన రోజూ సాయంత్రం వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవారు.

మీ ఫైళ్లు యూనికోడ్‌లోకి వచ్చాక ఏ ప్లాట్‌ఫారమ్ అయినా మీ ఇష్టం. అప్పుడు మీ అబ్బాయి మాట వినండి. కన్వర్టర్‌తో మార్చినదాన్ని మాత్రం ప్రూఫు చూడకుండా ప్రింటింగ్ ప్లేటుకి పంపకండి. నకారపొల్లు, అరసున్నా దగ్గర తప్పులు దొర్లుతాయి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ వ్యాపారం. లెక్కలన్నీ ట్యాలీలో. మా తమ్ముడు మ్యాక్ మినీ చిన్నగా, అందంగా ఉంటుంది, దుమ్ము కూడా పట్టదు అంటున్నాడు. కొనమంటారా?
– ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: వద్దండీ. ట్యాలీప్రైమ్ విండోస్ కోసం చేసిన ప్రోగ్రామ్. మీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, మీ గుమాస్తా అలవాటు, అన్నీ విండోస్ వైపే ఉన్నాయి. ట్యాలీకి పెద్ద ప్రాసెసర్ కూడా అక్కర్లేదు, మామూలు ఐ3 చాలు. మిగిలిన డబ్బుతో మంచి యూపీఎస్ ఒకటి, రోజూ రాత్రి బ్యాకప్ తీసుకోవడానికి రెండు డిస్కులు కొనండి. దుమ్ము మాట నిజమే. యార్డు దగ్గర కారం దుమ్ము క్యాబినెట్లో ఎలా పేరుకుంటుందో నేను చూశాను, తెరిచినవాళ్లకి తుమ్ములు ఆగవు. మూడు నెలలకోసారి బ్లోయర్‌తో కొట్టించండి.

ప్రశ్న: అక్కా, అరండల్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటాను. సిస్టమ్ ఐ5-12400ఎఫ్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు. మొన్నటిదాకా బాగానే నడిచింది. కొత్త సోనీ కెమెరా కొన్నాక 10-బిట్ 4:2:2 ఫుటేజీ టైమ్‌లైన్‌లో పెడితే ఆగి ఆగి ఆడుతోంది. షాపువాళ్లు రైజెన్ 9కి మారమంటున్నారు. ఫ్రెండ్స్ మ్యాక్ కొనమంటున్నారు. ఇద్దరి మాటా వింటే లక్ష పైనే అయ్యేలా ఉంది. పాత ప్రాజెక్టులన్నీ ఎడియస్‌లో, ఇప్పుడు చేసేవి ప్రీమియర్‌లో.
– వీడియో ఎడిటర్, గుంటూరు

జవాబు: తమ్ముడూ, లక్ష ఖర్చు పెట్టేముందు నీ ప్రాసెసర్ పేరు చివర ఉన్న ఒక్క అక్షరం చూడు. ఆ ‘ఎఫ్’ దగ్గరే నీ ఇబ్బంది అంతా ఉంది.

ఇంటెల్ చిప్పు పేరు చివర ఎఫ్ ఉందంటే లోపల గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం. విడిగా కార్డు ఉంది కదా, అది లేకపోతేనేం అని అందరూ అనుకుంటారు, కొంచెం చౌక కూడా. కానీ ఆ భాగంలోనే క్విక్ సింక్ అనే వీడియో విప్పే యంత్రం ఉంటుంది. హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో 10-బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం) ఫుటేజీని నేరుగా విప్పగలిగేది అదే. నీ 1660 సూపర్ ఆ రకాన్ని విప్పలేదు. దాని తర్వాత వచ్చిన ఆర్టీఎక్స్ 30, 40 సిరీస్‌లు కూడా విప్పలేవు, ఆర్టీఎక్స్ 50 సిరీస్‌తోనే ఎన్‌విడియా ఆ సౌకర్యం ఇచ్చింది. రైజెన్ లోపలి గ్రాఫిక్స్‌కీ ఇది రాదు. కాబట్టి ఇప్పుడు ఆ బరువంతా నీ సిస్టమ్‌లో ఆరు కోర్లు చేత్తో మోస్తున్నాయి. రైజెన్ 9 పెడితే ఎక్కువ కోర్లు మోస్తాయి, ఎక్కువ కరెంటు కాలుతుంది. పని మాత్రం చేత్తో మోయడమే. యాపిల్ చిప్పుల్లో ఈ యంత్రం ఎం1 నుంచే ఉంది, మీ ఫ్రెండ్స్ మ్యాక్‌లో సాఫీగా ఆడటానికి సగం కారణం అదే. ‘మ్యాక్ ప్రాసెసర్ గొప్పది’ అని వాళ్లు చెప్పుకుంటున్నది ఎక్కువ భాగం ఈ చిన్న యంత్రం గొప్పే.

నీ బోర్డు మీదే ఎఫ్ లేని ఐ5-12400 కూర్చుంటుంది, సాకెట్ ఒకటే. నీది అమ్మేసి అది వేయించు. తేడా కొద్ది వేలే. బయోస్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) లోపలి గ్రాఫిక్స్ ఆన్ చేయించు, కార్డు ఉంటే కొన్ని బోర్డులు దాన్ని ఆఫ్‌లో పెడతాయి. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌లో ఇంటెల్ టిక్ పెట్టు. కెమెరాలో ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ ఎంచుకుని తీయి, హెచ్.265 అదే. ఎక్స్ఏవీసీ ఎస్ పెడితే అది హెచ్.264, 10-బిట్ 4:2:2లో ఆ రకం నీ చిప్పు యంత్రానికి అందదు. ర్యామ్ ఇంకో 16 జీబీ వేయించు. ఎడియస్‌కి కూడా క్విక్ సింక్ బాగా ఉపయోగం, ఎక్స్‌పోర్ట్ వేళ నీకే తెలుస్తుంది.

మ్యాక్‌కి వెళ్తే ఫైనల్ కట్ వస్తుంది, డావిన్చీ రిజాల్వ్ వస్తుంది, ప్రీమియర్ ఉండనే ఉంది. ఎడియస్ మాత్రం రాదు, అది విండోస్‌కే. మూడేళ్ల క్రితం పెళ్లి చేసుకున్నవాళ్లు పాప పుట్టినరోజుకి ‘అన్నా, ఆ పెళ్లి క్యాసెట్లో మా తాతయ్య ఉన్న ముక్క కావాలి’ అని వస్తారు, నీకూ అనుభవమే. అప్పుడు పాత ప్రాజెక్టు తెరవాలి కదా.

ఎండాకాలం గురించి ఒక మాట. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45కి పోతుంది. మ్యాక్ మినీకి చుట్టూ గాలి 35 డిగ్రీల లోపు ఉండాలని యాపిలే రాసింది. ఇంటెల్ చిప్పు అయితే 100 డిగ్రీలు తాకగానే తనంతట తానే నెమ్మదిస్తుంది. ముహూర్తాల సీజన్లో రేకుల షెడ్డు కింద రాత్రంతా రెండరింగ్ పెట్టేవాళ్లకి ఏ ప్లాట్‌ఫారమ్ అయినా ఏసీ లేకపోతే డబ్బులిచ్చి కొన్న వేగం చేతికి రాదు.

ప్రశ్న: మేడమ్, విజయవాడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా పెదనాన్న వాళ్లింట్లో పాత పెంటియం 4 ఉంది, 3.06 గిగాహెర్ట్జ్. నేను కొనబోయే ఐ5-12400కి 2.5 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంది. ఇరవై ఏళ్లలో స్పీడు పెరగకపోగా తగ్గిందేంటి అని పెదనాన్న అడిగితే చెప్పలేకపోయాను.
– విద్యార్థిని, విజయవాడ

జవాబు: బంగారం లాంటి ప్రశ్న. ముందు చిన్న సవరణ, 2.5 అన్నది మామూలు (బేస్) వేగం. పని పడితే ఆ చిప్పు 4.4 దాకా వెళ్తుంది. అయినా అసలు జవాబు అందులో లేదు.

గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని అడుగులు వేస్తుందో మాత్రమే. ఒక్కో అడుగులో ఎంత పని జరుగుతుందన్నది వేరే లెక్క. మా కంపోజింగ్‌లో టకటకా కీలు కొట్టేవాళ్లు ఉంటారు. నిదానంగా కొట్టినా ప్రూఫులో ఒక్క తప్పూ రానివాళ్లు ఉంటారు. సాయంత్రానికి ఎవరి పేజీలు ఎక్కువ ప్రెస్సుకి వెళ్లాయో అదే లెక్క.

పెంటియం 4లో ఒక ఆదేశం పూర్తవడానికి 20 అంచెలు దాటాలి. 2004లో వచ్చిన ప్రెస్కాట్‌లో అవి 31 అయ్యాయి. పనిని అంత సన్నగా ముక్కలు చేస్తేనే గిగాహెర్ట్జ్ పెంచగలిగారు. కానీ ప్రోగ్రామ్‌లో ‘ఇలా అయితే ఇటు, లేకపోతే అటు’ అనే మలుపులు అడుగడుగునా ఉంటాయి. చిప్పు ముందే ఒక దారి ఊహించుకుని పని మొదలుపెడుతుంది. ఊహ తప్పితే ఆ అంచెల్లో ఉన్నదంతా పారేసి మళ్లీ మొదటి నుంచి రావాలి. 31 అంచెలంటే నష్టం ఎంతో ఆలోచించు. అదే కాలంలో యాపిల్ వాడిన పవర్‌పీసీ జీ4లో ఏడే అంచెలు. 2001 జులైలో యాపిల్ 867 మెగాహెర్ట్జ్ జీ4ని, 1.7 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని పక్కపక్కన పెట్టి, ఫొటోషాప్‌లో జీ4 ముందు ముగించడం చూపించింది. ఏఎండీ అయితే అథ్లాన్ ఎక్స్‌పీకి గిగాహెర్ట్జ్ రాయడమే మానేసింది. 1800+ అని పేరు పెట్టిన చిప్పు అసలు వేగం 1,533 మెగాహెర్ట్జే.

అయితే యాపిల్ చూపించింది కూడా పూర్తి నిజం అనుకోకు. తనకి కలిసొచ్చే ఫిల్టర్లనే ఎంచుకుని చూపించింది. ప్రతి కంపెనీ తను గెలిచే పరీక్షనే వేదిక మీదకి తెస్తుంది. ఆ తర్వాత నాలుగేళ్లకే, 2005 జూన్‌లో, పవర్‌పీసీని వదిలి ఇంటెల్‌కి వెళ్తున్నామని అదే యాపిల్ చెప్పింది. వాటుకి ఎంత పని జరుగుతుందన్న లెక్కలో ఇంటెల్ ముందుంటుందని కారణం చెప్పింది. ఇంటెల్ కూడా 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని 2004లో రద్దు చేసుకుని, 2006లో కోర్ 2 డుయో తెచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డుయో ముందు 3.8 పెంటియం 4 నిలవలేదు.

నేటి ఉదాహరణ కూడా చెప్పు మీ పెదనాన్నకి. యాపిల్ ఎం4 గరిష్ఠ వేగం దాదాపు 4.4 గిగాహెర్ట్జ్. నువ్వు కొనబోయే 12400ది కూడా 4.4. అడుగులు సమానమే, అయినా ఒక్క కోర్ పరీక్షలో ఎం4 చాలా ముందుంటుంది. 12400 కోర్ ఒక అడుగులో ఆరు ఆదేశాల దాకా విడదీసుకోగలదు. ఎం1లోనే యాపిల్ ఎనిమిదికి వెళ్లింది.

మీ సిలబస్‌లో వాడే కంపైలర్లు, పైథాన్, జావా మూడు ప్లాట్‌ఫారమ్‌ల మీదా ఉన్నాయి. అయినా డబ్బు కట్టేముందు కాలేజీ ల్యాబులో ఏం వాడుతున్నారో సీనియర్లని అడుగు. సర్క్యూట్లు, డ్రాయింగుల వైపు వెళ్లే బ్రాంచి అయితే విండోస్‌కి మాత్రమే వచ్చే సాఫ్ట్‌వేర్లు ఇంకా చాలా ఉన్నాయి, సాలిడ్‌వర్క్స్ లాంటివి.

ప్రశ్న: అమ్మా, ఆశీస్సులు. నేను రిటైరైన తెలుగు పండితుణ్ని, సత్యనారాయణపురంలో ఉంటాను. 2014లో కొన్న కంప్యూటర్, ఐ5 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావట, ఇది విండోస్ 11కి పనికిరాదట, కొత్తది కొనమన్నారు. నేను చేసేది నా జ్ఞాపకాలు తెలుగులో రాసుకోవడం, యూట్యూబులో అవధానాలు వినడం, అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియోలో మాట్లాడటం. వీటికి కొత్తది అవసరమా? నేను రాసింది అమ్మాయి దగ్గరున్న మ్యాక్‌లో తెరుచుకుంటుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీకు చెప్పిన సంగతి నిజమే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, భద్రత కోసం ఉండే టీపీఎం 2.0 కూడా అడుగుతుంది. కానీ మీ పనికి మీ ప్రాసెసర్ ముసలిది కాలేదు. అది చేయలేనంత బరువు మీరేమీ పెట్టడం లేదు.

ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించి, విండోస్‌కి బదులు లినక్స్ మింట్ పెట్టించుకోండి. లినక్స్‌కి డబ్బు కట్టక్కర్లేదు. పెట్టించే ముందు పెన్‌డ్రైవ్‌లో వేయించి అలాగే నడిపి చూడండి. డిస్కులో ఉన్నది చెదరకుండా చూడొచ్చు. మీ కెమెరా పనిచేస్తోందా, మాట వినపడుతోందా, ప్రింటర్ కదులుతోందా అని ఒక పూట చూసుకోండి. మీ దగ్గర పేజ్‌మేకర్ లేదు, ట్యాలీ లేదు, ఎడియస్ లేదు. పై ఉత్తరాలు రాసినవాళ్లని కట్టిపడేసినవి ఏవీ మీకు లేవు. కాబట్టి వాళ్లకి నేను చెప్పలేని జవాబు మీకు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

తెలుగు రాయడానికి కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకోండి, ఇన్‌స్క్రిప్ట్ అమరిక వస్తుంది. మీరు పండితులు కాబట్టి ఇది మీకు ఇట్టే పట్టుబడుతుంది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు. అక్షరాన్ని మనం నోటితో విడదీసి చెప్పినట్టే కొట్టాలి. శ్రీ రావాలంటే శ, పొల్లు, ర, ఈత్వం. అంటే షిఫ్ట్ పట్టుకుని ఎమ్, ఆ తర్వాత డి, జె, ఆర్. వారం రోజులు కీల మీద చిన్న చిన్న తెలుగు స్టిక్కర్లు అంటించుకోండి.

మీరు లినక్స్ మింట్‌తో వచ్చే రాత ప్రోగ్రామ్ లిబ్రే ఆఫీస్‌లో రాసింది యూనికోడ్‌లో ఉంటుంది కాబట్టి మీ అమ్మాయి మ్యాక్‌లో తెలుగు తెలుగుగానే తెరుచుకుంటుంది. మ్యాక్‌లో కోహినూర్ అనే తెలుగు ఫాంటు ముందే ఉంటుంది, మీరు వాడిన ఫాంటు అక్కడ లేకపోతే అక్షరం రూపు కొంచెం మారుతుంది గానీ మాట మారదు. పేజీ మీరు పెట్టినట్టే కనపడాలంటే ఫైల్ మెనూలో పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపండి. ముందు ఒక్క పేజీ పంపి, అమ్మాయిని వీడియోలో పైకి చదవమనండి. మీరు ఇక్కడ కాగితం పట్టుకుని వినండి. ఒత్తులు, సున్నాలు సరిగ్గా వచ్చాయని తేలాక మిగతా పేజీలు రాయడం మొదలుపెట్టండి.